తెర ఎంతవరకు, వార్డు ఎక్కడి నుంచి: ఎంబీబీఎస్ క్లినికల్ శిక్షణలో ఆన్‌లైన్ చదువు

ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల్లో ఏటా చెరో 250 మంది ఎంబీబీఎస్‌లో చేరతారు. రెండో ఏడాది నుంచి వాళ్లకు ఉదయం పూట మూడు గంటల క్లినికల్ పోస్టింగ్, అంటే ఆస్పత్రి వార్డుల్లో శిక్షణ ఉంటుంది. కేసుల విషయంలో హైదరాబాద్ విద్యార్థి అదృష్టవంతుడనే చెప్పాలి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా జనరల్ ఆస్పత్రి, ముషీరాబాద్‌లో గాంధీ, రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆస్పత్రి, పేట్లబురుజులో ప్రసూతి ఆస్పత్రి, కోఠిలో ఈఎన్‌టీ, మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి, ఎర్రగడ్డలో ఛాతీ, మానసిక ఆస్పత్రులు, నల్లకుంటలో ఫీవర్ ఆస్పత్రి. చాలా దేశాల వైద్య విద్యార్థులు పుస్తకంలో మాత్రమే చదివే డిఫ్తీరియా, రేబిస్ కేసులు నల్లకుంటకు ఇప్పటికీ వస్తుంటాయి.

అయినా ఫైనలియర్‌కు వచ్చేసరికి వార్డుల్లో విద్యార్థులు పలచబడతారు. ముందు పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ పీజీ ఉంది. అందులో 200 ప్రశ్నలు, అన్నీ నాలుగు ఆప్షన్ల బిట్లే. ఆ పరీక్షలో రోగి కడుపు మీద చెయ్యి వేయమని ఎవరూ అడగరు. మారో, ప్రెప్‌ల్యాడర్ లాంటి యాప్‌ల వీడియోలు హాస్టల్ గదిలో రెట్టింపు వేగంతో నడుస్తుంటాయి. హాజరు కోసం వార్డుకు వెళ్లినా చేతిలో ప్రశ్నల బ్యాంకు తెరిచే ఉంటుంది. అంటే ఆన్‌లైన్ కావాలా, ప్రత్యక్ష బోధన కావాలా అన్న చర్చ కాలేజీలు మొదలుపెట్టకముందే విద్యార్థులు తమ నిర్ణయం తాము తీసేసుకున్నారు. ఇక తేల్చుకోవాల్సిందల్లా ఒకటే. ఏ పనిని తెర మీద నేర్చుకుంటే నష్టం లేదు? ఏ పనిని తెర మీదే వదిలేస్తే రేపు రోగికి కీడు జరుగుతుంది?

దీనికి జవాబు సిలబస్‌లోనే ఉంది. 2019లో చేరిన బ్యాచ్ నుంచి అమలవుతున్న సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో ప్రతి అంశం పక్కన ఒక స్థాయి రాసి ఉంటుంది. తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, స్వతంత్రంగా చేయగలడు అనేవి ఆ నాలుగు స్థాయిలు. వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన పిరమిడ్‌కు దగ్గరి రూపమిది. మొదటి రెండు స్థాయిలకు తెర సరిపోతుంది, కొన్నిసార్లు తరగతి గది కంటే మెరుగ్గానే పనిచేస్తుంది. మూడోదానికి బొమ్మో, తోటి విద్యార్థో, రోగో ఎదురుగా ఉండాలి, పక్కన చూసి దిద్దేవారూ ఉండాలి. నాలుగోది రోగి దగ్గర తప్ప రాదు. పోస్టింగ్ మొదలయ్యే రోజున విద్యార్థి ఆ విభాగం అంశాల జాబితా తీసుకుని స్థాయిల గడి ఒక్కటి చూసుకుంటే చాలు, ఏది హాస్టల్లో చదవాలో ఏది వార్డులో చేయాలో అరగంటలో తేలిపోతుంది. ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

చేతికి మాత్రమే తెలిసేవి

బీపీ చూడటం ఎంబీబీఎస్‌లో అన్నిటికన్నా తేలికైన పనిగా పేరుపడింది. పది నిమిషాల వీడియో చూస్తే పద్ధతి మొత్తం తెలిసిపోతుంది. రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. చేయి గుండె మట్టానికి ఆనించి ఉండాలి. కఫ్ లోపలి రబ్బరు సంచి చేయి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. ముందు నాడి పట్టుకుని, అది ఆగిపోయిన అంకె చూసుకుని, దానికి పైన మరో 20, 30 మిల్లీమీటర్లు ఎక్కించి, సెకనుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున గాలి వదలాలి. ఇదంతా అప్పజెప్పిన విద్యార్థే ఓపీలో బీపీ చూస్తే అంకె తప్పు వస్తుంది. ఎందుకంటే ఓపీలో కుర్చీకి చేతిపట్టీ ఉండదు, రోగి చేయి కిందికి వేలాడుతుంటుంది. గుండె మట్టం కన్నా 10 సెంటీమీటర్లు కిందికి దిగితే రీడింగ్ దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లావుపాటి చేతికి మామూలు కఫ్ చుడితే ఇంకా పెరుగుతుంది. వెనక క్యూ తోసుకొస్తుంటే స్క్రూ గబుక్కున తిప్పేస్తారు. అప్పుడు పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా పడుతుంది. పద్ధతి తెలియక వచ్చిన తప్పులు కావివి. బల్ల, కుర్చీ, చొక్కా చేయి, వెనక నిలబడ్డ జనం, వీటి మధ్య ఆ పద్ధతిని నిలబెట్టుకోవడం చేతకాక వచ్చినవి. వీడియోలో రోగి చేయి ఎప్పుడూ మెత్తటి దిండు మీదే ఉంటుంది.

ప్లీహం పరీక్ష ఇంకా మంచి ఉదాహరణ. ప్లీహం పెరిగేకొద్దీ ఎడమ పక్కటెముకల కింది నుంచి బొడ్డు వైపుగా, కుడి పొత్తికడుపు దిశగా దిగుతుంది. కాబట్టి చెయ్యి కుడి పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా పైకి రావాలి. రోగి గాలి పీల్చినప్పుడు చెయ్యి కదపకుండా లోపలికి ఆనించి ఉంచాలి, వదిలినప్పుడు రెండు సెంటీమీటర్లు పైకి జరపాలి. ఇది తెలిసిన విద్యార్థి కూడా వార్డులో తొందరపడి నేరుగా పక్కటెముకల అంచున చెయ్యి పెడతాడు. అక్కడున్నది పెద్ద ప్లీహమే అయితే చేయి సరిగ్గా దాని నడుమ పడుతుంది. అంచు తగలదు కాబట్టి గట్టి కండరం అనుకుని ‘ప్లీహం అందడం లేదు’ అని రాసేస్తాడు. కేసు ఎంత పెద్దదైతే తప్పిపోయే అవకాశం అంత ఎక్కువ. పైగా చేతులు చల్లగా ఉన్నా, గోళ్లు పెరిగి ఉన్నా, రోగి కాళ్లు చాపుకుని ఉన్నా పొట్ట కండరం బిగుసుకుంటుంది. మోకాళ్లు మడవమని చెప్పడం, అరచేతులు రుద్దుకోవడం, వేలి కొనలతో పొడవకుండా చూపుడువేలి పక్క అంచుతో తడమడం, ఇవన్నీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్కన నిలబడి ‘చెయ్యి కిందికి తే, మళ్లీ మొదలుపెట్టు’ అన్నప్పుడే అబ్బుతాయి. ప్లీహం అంచు ఒక్కసారి వేలికి తగిలిందంటే ఆ స్పర్శ గుర్తుండిపోతుంది. అది తగలనంతవరకు ఎన్ని వీడియోలు చూసినా అది కంఠతా పట్టిన పద్ధతే.

పేట్లబురుజు లాంటి ప్రసూతి ఆస్పత్రి లేబర్ రూంలో గర్భాశయ ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చెప్పడం, కుష్ఠు అనుమానం ఉన్నచోట మోచేయి వెనక అల్నార్ నరం లావెక్కిందో లేదో పట్టి చూడటం, మచ్చ మీద స్పర్శ పోయిందా అని దూదితో పరీక్షించడం, ఇవన్నీ ఇదే కోవలోవి. కామెర్లు కంటితో చూసేవే, అయినా తెర నమ్మదగింది కాదు. ట్యూబ్‌లైట్ కింద కనిపించని పసుపు కిటికీ వెలుతురులో కనిపిస్తుంది, ఫోన్ కెమెరా రంగును తనకు తోచినట్టు సరిచేసేస్తుంది. చర్మవ్యాధుల యాప్‌లలో ఎక్కువ బొమ్మలు తెల్లటి చర్మానివి. మన రోగుల చామనఛాయ మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు, ఊదాగానో నల్లగానో కనిపిస్తుంది.

గుండె చప్పుడు తెర మీద ఎందుకు వినపడదు

గుండె శబ్దాలకు ఆన్‌లైన్ చక్కగా సరిపోతుందని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ మైట్రల్ స్టెనోసిస్‌లో (గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకైనప్పుడు) వినిపించే మర్మర్, అంటే అదనపు చప్పుడు, చాలా తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. ఫోన్ స్పీకర్ ఆ మంద్ర ధ్వనిని పలికించలేదు. లైవ్ క్లాసులో ఇంకో చిక్కుంది. జూమ్ లాంటి వేదికలు మనిషి గొంతు ఒక్కదాన్నే ఉంచి మిగతాదంతా గోల కింద లెక్కగట్టి తీసేస్తాయి. మర్మర్‌ను కూడా ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తాయి. బోధించేవారు ‘విన్నారు కదా’ అంటారు, అవతల వంద మంది తలూపుతారు, వినపడింది మాత్రం లబ్‌డబ్ ఒక్కటే.

సర్దుబాటు ఉంది. మైకు ముందు శబ్దం వినిపించే బదులు కంప్యూటర్ సౌండ్‌ను నేరుగా షేర్ చేయాలి. సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ పెట్టుకోవాలి. వినేవాళ్లు చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. ఇలా పదిహేను ఇరవై రికార్డింగులు వరసగా వింటే ఆ చప్పుడు సిస్టోల్‌లోదా (గుండె ముడుచుకున్నప్పటిదా) డయాస్టోల్‌లోదా (గుండె వదులైనప్పటిదా) అని తేల్చే చెవి తయారవుతుంది. ఒక పోస్టింగ్‌లో ఇన్ని వాల్వ్ కేసులు దొరక్కపోవచ్చు కాబట్టి ఈ మేలు చిన్నదేమీ కాదు.

అక్కడి నుంచి వార్డే. రోగిని ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆపమని, ఏపెక్స్ (గుండె కొన) మీద స్టెతస్కోప్ బెల్ (చిన్న గిన్నె లాంటి వైపు) తేలిగ్గా ఆనించాలి. బెల్‌ను గట్టిగా నొక్కితే కింది చర్మం బిగుసుకుని డయాఫ్రం (స్టెతస్కోప్ చదునైన వైపు) లాగే పనిచేస్తుంది, మంద్ర ధ్వని మాయమవుతుంది. మర్మర్ లేదని రాసే విద్యార్థుల్లో చాలామంది చేసే పొరపాటు ఈ నొక్కడమే. ఇది దిద్దాలంటే వెనక నిలబడిన పీజీ విద్యార్థి చేతిని చూడాలి. కెమెరాకు ఒత్తిడి కనపడదు.

ఈసీజీలోనూ గీత ఇక్కడే పడుతుంది. చదవడం తెర మీద, తీయడం వార్డులో. వందల ఈసీజీలు చూస్తే తప్ప కన్ను పదునెక్కదు, అన్ని దొరికేది ఆన్‌లైన్ బ్యాంకులోనే. కానీ వీ1, వీ2 లీడ్లు (ఛాతీ మీద అంటించే ఈసీజీ తీగలు) నాలుగో పక్కటెముకల సందులో పెట్టాల్సింది రెండో సందులో పెట్టి, వచ్చిన గీతను గుండె జబ్బుగా చదవడం వార్డుల్లో జరిగేదే. కుడి ఎడమ చేతుల లీడ్లు మారిపోతే లీడ్ వన్ తలకిందులవుతుంది. తన చేత్తో పది ఈసీజీలు తీసిన విద్యార్థి ముందు లీడ్లను అనుమానిస్తాడు, ఆ తర్వాతే గుండెను. ఎక్స్‌రేలకు, పాథాలజీ స్లైడ్లకు, మందుల మోతాదులకు, రోగనిర్ధారణ తర్కానికి మాత్రం తెర నిస్సందేహంగా మేలు. ఒక్క జాగ్రత్త చాలు, ఛాతీ ఎక్స్‌రేను ఫోన్‌లో చూడకూడదు. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) సన్నటి గీత ఆరంగుళాల తెర మీద కనపడదు.

రోగి చెప్పే మాట

ప్రశ్నల బ్యాంకులోని రోగి ‘రెండు నెలలుగా ఆయాసం, రాత్రి పడుకుంటే ఎక్కువ’ అని తేటగా చెబుతాడు. ఉస్మానియా ఓపీకి వచ్చే పెద్దమనిషి ‘దమ్మొస్తుంది సారూ, పానం మంచిగ లేదు’ అంటాడు, అక్కడితో ఆగుతాడు. పక్కనున్న కొడుకు ‘గ్యాస్ ఉంది సార్’ అని తన రోగనిర్ధారణ తాను చెప్పేస్తాడు. ఇంకో బెడ్ మీదామె దక్కనీ ఉర్దూలో చెబుతుంది, ఆ పక్కాయన కర్ణాటకలోని బీదర్ నుంచి వచ్చినవాడు. ‘మెట్లెక్కితే వస్తదా, ఊకె కూసున్నా వస్తదా? ఎన్ని మెత్తలు ఏస్కొని పంటరు? రాత్రి దమ్మాడక లేచి కూసుంటరా?’ అని ఒకదాని వెంట ఒకటి అడిగితేగానీ గుండెదా, ఊపిరితిత్తిదా, రక్తహీనతా అని వేరుపడదు. ఈ ప్రశ్నలు పుస్తకంలోనూ ఉన్నాయి. కొడుకును నొప్పించకుండా పక్కన పెట్టి తండ్రి నోటితోనే చెప్పించడం, బీడీ సంగతి అడిగినప్పుడు కళ్లు తిప్పుకున్నాడని గమనించడం పుస్తకంలో లేవు. వీడియో కాల్‌లో హిస్టరీ (రోగి నోట జబ్బు వివరాలు) తీసుకోవడం కొంత సాధ్యమే. 2020 మార్చిలో కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చాక అది వైద్యుడికి కావాల్సిన నేర్పుల్లో ఒకటి కూడా అయింది, దాన్ని విడిగా నేర్పాలి. కానీ ఎదురుగా కూర్చుని అడగడం వచ్చినవారికే వీడియోలో ఏం జారిపోతుందో తెలుస్తుంది.

ఇంకో సంగతి కాలానిది. తెర మీది కేసు గంటలో ముగుస్తుంది. వార్డు కేసు మర్నాటికి మారుతుంది. జ్వరం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, యాంటీబయాటిక్ మారుస్తారు, నిన్నటి అంచనా తప్పని తేలుతుంది. ఒకే రోగిని చేరిన రోజు నుంచి డిశ్చార్జ్ దాకా రోజూ పది నిమిషాలు చూసిన విద్యార్థికి జబ్బు నడక తెలుస్తుంది. పోస్టింగుకు ఇద్దరు ముగ్గురు రోగులనైనా ఇలా వెంట ఉండి చూడాలి.

రెండేళ్ల ఇంటర్న్‌షిప్ చెప్పిన లెక్క

క్లినికల్ శిక్షణ ఆన్‌లైన్‌లో జరిగితే దాని విలువెంత అన్నదానికి దేశంలో ఒక అధికారిక తూకం జరిగింది. చైనాలో చదువుతున్నవారు కోవిడ్ వల్ల, ఉక్రెయిన్‌లో చదువుతున్నవారు 2022 యుద్ధం వల్ల ఇంటికొచ్చి చివరి ఏడాది ఆన్‌లైన్‌లో పూర్తి చేశారు. వారిలో తెలుగు రాష్ట్రాల పిల్లలు చాలామంది. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత జాతీయ వైద్య కమిషన్ 2022 జూలైలో ఒక్కసారికి వర్తించేలా ఒక వెసులుబాటు ఇచ్చింది. వాళ్లు విదేశాల్లో వైద్యం చదివినవారికి ఇక్కడ పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష రాయవచ్చు, కానీ పాసైనాక ఒక ఏడాదికి బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలి. ప్రత్యక్షంగా చేయని క్లినికల్ శిక్షణను భర్తీ చేసేందుకే ఆ అదనపు ఏడాది. ఆ కుటుంబాలకు అది భారమే. అప్పు తెచ్చి చదివించినవారికి ఒక ఏడాది అంటే తక్కువ కాదు. అయినా సిద్ధాంతం ఆన్‌లైన్‌లో వచ్చిందని ఒప్పుకుని, చేతిపనికి వేరుగా సమయం కేటాయించిన ఆ లెక్క సరైనదే.

వార్డు బోధన బాగుంటేనే

ఇంతా చెప్పి వార్డును ఆకాశానికెత్తడం న్యాయం కాదు. ఒక మంచం చుట్టూ ముప్పై మంది నిలబడితే ముందు వరసలోని ఆరుగురికి తప్ప రోగి కనపడడు. ప్రొఫెసర్ సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) కారణాలు వరసగా చెబుతుంటే వెనకున్నవారు నోట్స్ రాసుకుంటుంటారు. అది లెక్చరే, నిలబడి వినే లెక్చర్. దానికంటే యాప్ వీడియో నయమని విద్యార్థి అనుకుంటే తప్పు పట్టలేం. మంచి కేసని తెలిసిన రోగి పొట్టను ఒకే ఉదయం పాతిక మంది నొక్కితే అతనికి నొప్పి, మర్నాడు ఎవరినీ దగ్గరికి రానివ్వడు. మంచం దగ్గర ఐదారుగురికి మించి ఉండకూడదు. వార్డు సమయంలో మంచం దగ్గర మాత్రమే జరిగే పని జరగాలి. కారణాల జాబితాలు, వర్గీకరణలు అన్నీ ముందురాత్రి తెర మీదకు పంపేయాలి.

అది నడిచే తీరు ఇలా ఉండొచ్చు. రేపు పొట్ట పరీక్ష అనుకుంటే ఈ రాత్రి 20 నిమిషాలకు మించని వీడియో ఒకటి, దాని మీద ఐదు ప్రశ్నలు. ప్రశ్నలు తప్పనిసరి, ఎందుకంటే రెట్టింపు వేగంతో చూసినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, అడిగినప్పుడు గానీ ఖాళీలు బయటపడవు. పొద్దున తొమ్మిదికి ఒక్కో రోగి దగ్గర ఇద్దరు. నలభై నిమిషాల్లో హిస్టరీ, పరీక్ష. తర్వాత మంచం దగ్గరే ఒకరు కేసు చెప్పాలి, ఇంకొకరు అందరి ముందూ పరీక్ష చేసి చూపాలి. బోధకుడు పదిహేను నిమిషాలు నోరు మెదపకుండా చూసి, ఐదు నిమిషాల్లో బాగా చేసిందొకటి, మార్చుకోవాల్సిందొకటి చెప్పాలి. ఈ మౌనం పాటించడమే బోధకులకు అన్నిటికన్నా కష్టం. ఎక్స్‌రేలు, రిపోర్టుల చర్చ రోగికి దూరంగా సెమినార్ గదిలో. సాయంత్రం కేసు రాసి ఆన్‌లైన్‌లో పెట్టాలి, మర్నాడు ఆ రోగి పరిస్థితి రెండు వాక్యాల్లో జోడించాలి.

జిల్లాలకు ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. 2022లో తెలంగాణలో ఒకేసారి ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, ఆ తర్వాత ఇంకా వచ్చాయి. అక్కడి వార్డుల్లో కాన్పులు, జ్వరాలు, పాముకాట్లు పుష్కలం. సూపర్ స్పెషాలిటీ కేసులు తక్కువ. నిమ్స్, ఉస్మానియా, గాంధీలలో వారానికోసారి జరిగే కేసు చర్చను ఆ కాలేజీలకు ప్రసారం చేస్తే నాగర్‌కర్నూల్ విద్యార్థి కూడా అరుదైన కేసు మీద ఆలోచించగలడు. అయితే పీజీ చేతిలో ఫోన్ పట్టుకుని రౌండ్ల వెంట తిరిగితే అది ప్రసారం అనిపించుకోదు. ఒక కెమెరా పరీక్ష చేసే చేతుల మీద స్థిరంగా ఉండాలి, బోధకుడికి కాలర్ మైకు ఉండాలి. ప్రతి ఎనిమిది పది నిమిషాలకు ఆపి ‘ఇప్పుడేం చేస్తారు’ అని అవతలివారి చేత జవాబు రాయించాలి.

రోగి అనుమతి విషయంలో ఇక్కడ నిర్లక్ష్యం ఎక్కువ. సంతకం తీసుకోవడం ఒక్కటే చాలదు, ఈ వీడియో ఎవరు చూస్తారో రోగి భాషలో చెప్పాలి, వద్దంటే వైద్యంలో తేడా రాదని కూడా చెప్పాలి. ముఖం కప్పినా మంచం తలాపున కేస్‌షీట్, ఎక్స్‌రే మూల మీద పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు కనపడుతుంటాయి. రికార్డింగ్‌కు ముందు వీటిని చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి. విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే గాయాల ఫొటోలు పూర్తిగా ఆగాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, ఉచిత వైద్యానికి వచ్చినంత మాత్రాన ఎవరి శరీరమూ బోధన సామగ్రి అయిపోదు.

చివరికి ఇవన్నీ పరీక్ష దగ్గరే ఆగుతాయి. నిబంధనల ప్రకారం థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరుండాలి, కానీ హాజరు శరీరాన్ని వార్డుకు రప్పిస్తుందే తప్ప చేతిని రోగి దగ్గరికి చేర్చదు. చేసిన పనులు నమోదుచేసే లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ పోస్టింగ్ ఆఖరి రోజు ఒక్క కూర్చోటితో పడే చోట లాగ్‌బుక్కుకు అర్థం లేదు. సంతకం అదే రోజు, పని చూసినవారే పెట్టాలి. పోస్టింగ్ చివర నాలుగు స్టేషన్ల ఓఎస్‌సీఈ (ఒక్కో చోట ఒక్కో పని చేసి చూపే పరీక్ష) పెట్టినా చాలు, ఒక్కోటి ఐదు నిమిషాలు. ఒకచోట కుర్చీకి చేతిపట్టీ లేకుండా బీపీ, ఒకచోట ప్లీహం పరీక్ష, ఒకచోట కొడుకును వెంటబెట్టుకొచ్చిన రోగి నుంచి ఆయాసం హిస్టరీ, ఒకచోట బొమ్మ మీద సీపీఆర్. సీపీఆర్‌లో 30:2 లెక్క (30 నొక్కులకు 2 శ్వాసలు) అందరికీ నోటికొచ్చు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానిస్తూ రెండు నిమిషాలు ఆపకుండా నొక్కగలిగేవారెందరో బొమ్మకున్న మీటర్ చెబుతుంది. ఆ మార్కులు ఇంటర్నల్స్‌లో కలిస్తే, ఎవరూ చెప్పకుండానే ఫైనలియర్ విద్యార్థులు ఉదయం వార్డులో కనపడతారు.